పాత సిస్టంలో రెండో ఓఎస్: గట్టు జరిపే ముందు

కోనసీమలో ఏ ఊరి కంప్యూటర్ కొట్టుకు వెళ్లి సిస్టం స్లో అయిందని చెప్పినా ముందు వచ్చే మాట ఒక్కటే: “ఫార్మాట్ కొట్టేద్దామాండీ?” ఇంట్లో సినిమాలు చూసుకునే సిస్టం అయితే కొట్టేయొచ్చు. పాలకొల్లులోనో మండపేటలోనో డీటీపీ సెంటర్‌లో పదేళ్లుగా నడుస్తున్న సిస్టం సంగతి వేరు. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఉంటుంది, దాన్ని అంటిపెట్టుకుని అను ఫాంట్లు ఉంటాయి, పదేళ్ల శుభలేఖల ఫైళ్లుంటాయి. పెద్దమ్మాయి పెళ్లికి వేయించిన కార్డే కావాలి, పేర్లూ ముహూర్తం మార్చి ఇమ్మని పార్టీ వస్తే ఆ పాత ఫైలు తెరవాల్సిందే. భీమవరం చుట్టుపక్కల చేపలు, రొయ్యల చెరువుల వాళ్లకైతే మేత ఖాతాలు, సీడు లెక్కలు ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ల సీడీలు ఎప్పుడో పోయాయి. వేసిచ్చిన కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. అలాంటి సిస్టంని ఫార్మాట్ కొడితే మళ్లీ యథాస్థితికి తేవడం ఎవరివల్లా కాదు.

అలాగని ఉన్న ఓఎస్‌తోనే, అంటే సిస్టంని నడిపే మూల సాఫ్ట్‌వేర్ అయిన పాత విండోస్‌తోనే నెట్టుకొద్దామంటే బయటి దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగిపోయింది. దాని మీద పనిచేసే చివరి క్రోమ్ 109వ వెర్షన్. 2023 ఫిబ్రవరి నుంచి వచ్చిన క్రోమ్‌లు ఆ ఓఎస్ మీద ఎక్కవు. విండోస్ 10 వంతు 2025 అక్టోబర్ 14న వచ్చింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు అందుతాయి, అంతే. విండోస్ 11కి మారదామంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో అయి ఉండాలి. ఎనిమిదో తరం మార్కెట్‌లోకి వచ్చింది 2017లో. అంతకు ముందు కొన్న సిస్టంలు చాలావరకు ఈ గీతకు అవతలే ఉండిపోతాయి.

రెండో ఓఎస్ అవసరం ఇక్కడే పుడుతుంది. పాత విండోస్‌ని తీసెయ్యకుండా, దాని పక్కనే లినక్స్ అనే ఉచిత ఓఎస్ వేసుకుని ఒకే సిస్టంలో రెండిటినీ వాడుకోవడం అన్నమాట. దీన్ని చాలామంది స్పీడ్ కోసం చేసే పనిగా చూస్తారు. అసలు లాభం పని పంచుకోవడంలో ఉంది. పేజ్‌మేకర్, అను, ట్యాలీ విండోస్ దగ్గరే ఉంటాయి. విండోస్‌లో ఉన్నంతసేపూ మాత్రం నెట్ వైరు పీకేయాలి, వైఫై ఆపేయాలి. బ్యాంకు సైట్లు, మెయిల్, దరఖాస్తులు, డౌన్‌లోడ్లు లినక్స్ చూసుకుంటుంది. అప్‌డేట్లు రాని ఓఎస్‌తో నెట్‌లో తిరిగే ప్రమాదం తప్పుతుంది, పాత పనీ ఆగదు.

డీటీపీ సెంటర్‌కి ఇంకో మేలు కూడా ఉంది. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టగానే అసలు ఫోల్డర్ మాయమై, దాని పేరుతోనే వంపు బాణం గుర్తున్న షార్ట్‌కట్ కనిపించడం ఈ రంగంలో అందరూ చూసినదే. దాన్ని క్లిక్ చేస్తే వైరస్ సిస్టంలోకి ఎక్కుతుంది. ఆ వైరస్ నిజానికి ఫోల్డర్‌ని చెరపదు, విండోస్‌కి కనిపించకుండా దాచే గుర్తు పెడుతుంది. లినక్స్ మామూలుగా ఆ గుర్తును పట్టించుకోదు. అదే పెన్‌డ్రైవ్‌ని లినక్స్‌లో తెరిస్తే షార్ట్‌కట్ ఒక ఉత్త ఫైలుగా పడి ఉంటుంది, పక్కనే అసలు ఫోల్డర్ నిక్షేపంగా కనిపిస్తుంది. కావాల్సిన ఫోటో కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేయొచ్చు. ఈ ఒక్క పనికైనా రెండో ఓఎస్ వేసుకోవచ్చు.

సిస్టం తట్టుకుంటుందా

ముందు చూడాల్సింది ప్రాసెసర్ ఒక్కసారికి 32 బిట్ల లెక్క చేసేదా, 64 బిట్ల లెక్క చేసేదా అన్నది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ 64 బిట్‌వే. అందులో ఉన్నది 32 బిట్ విండోస్ అయినా ప్రాసెసర్ 64 బిట్‌ది కావచ్చు, కాబట్టి విండోస్‌ని చూసి నిర్ణయానికి రాకూడదు. నిజంగా 32 బిట్ ప్రాసెసరే అయితే దారులు తక్కువ. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్ కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. అంత పాత సిస్టం మీద ఇప్పుడు శ్రమ పెట్టకపోవడమే మంచిది.

4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్‌లలో ఒకటైన మింట్, అందులోనూ తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ హాయిగా నడుస్తుంది. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. 2 జీబీయే ఉంటే లుబుంటు లాంటి ఇంకా తేలికైనవి చూడాలి. కానీ ఒక్క విషయం దాచకూడదు. ఓఎస్ ఎంత తేలికైనా బ్రౌజర్ తేలిక కాదు. నాలుగు ట్యాబులు తెరిస్తే 2 జీబీ అక్కడే అయిపోతుంది. చేతిలో ఉన్న డబ్బుతో ఒక్కటే కొనగలిగితే పాత హార్డ్‌డిస్కు పక్కన చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు) కొనడం మేలు. ఏ ఓఎస్ మార్చినా రాని తేడా దానితో వస్తుంది. ర్యామ్ రెండో మాట.

ముందుగా పెన్‌డ్రైవ్‌ని బూటబుల్ చేసి, అంటే సిస్టం దాని నుంచే లేచేలా లినక్స్ ఎక్కించి, ఇన్‌స్టాల్ నొక్కకుండా లైవ్‌లో, అంటే పెన్‌డ్రైవ్ మీదే ఒక పూట నడిపి చూడాలి. వైఫై వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా, సౌండ్ ఉందా అనేవన్నీ డిస్కు ముట్టుకోకుండానే తెలిసిపోతాయి. పాత లాప్‌టాప్‌లలో కొన్ని వైఫై చిప్‌లకు డ్రైవర్ విడిగా వేయాలి. నెట్ లేకుండా ఆ డ్రైవర్ ఎలా దింపాలని టెన్షన్ పడనక్కర్లేదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని మామూలు నెట్ వైరులాగే తీసుకుంటుంది.

గట్టు, సర్వే రికార్డు, ఊడ్చిన చేను

మొత్తం పనిలో ప్రమాదం ఉన్నది ఒక్కచోటే. అది డిస్కులో జాగా పంచడం.

డెల్టా రైతుకు గట్టు తగాదా గురించి చెప్పక్కర్లేదు. డిస్కులో భాగాలకు కూడా గట్లుంటాయి, ఏ గట్టు ఎక్కడుందో రాసిన రికార్డు ఉంటుంది. పాత పద్ధతి డిస్కులో ఆ రికార్డు మొట్టమొదటి సెక్టారు అనే చిన్న ముక్కలోనే ఉంటుంది. ఆ సెక్టారు 512 బైట్లు. మొదటి 446 బైట్లలో సిస్టంని లేపే చిన్న ప్రోగ్రాం ఉంటుంది, తర్వాతి 64 బైట్లలో భాగాల పట్టిక, చివరి 2 బైట్లలో ముద్ర. పట్టికలో ఒక్కో పద్దుకు 16 బైట్లు, అంటే నాలుగు పద్దులే పడతాయి. అందుకే పాత డిస్కుల్లో ప్రైమరీ పార్టిషన్లు, అంటే ఆ పట్టికలో నేరుగా నమోదయ్యే భాగాలు, నాలుగుకు మించవు. ఈ 64 బైట్లు చెడిపోతే చేలో పంట చేలోనే ఉన్నా అది ఎవరి చేనో తెలియదు. ఫైళ్లు డిస్కు మీదే ఉంటాయి, సిస్టంకి మాత్రం డిస్కు ఖాళీగా కనిపిస్తుంది.

ఊళ్లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు డ్రైవులు చేసి ఇవ్వడం ఆనవాయితీ. చాలావాటిలో సీ ఒక్కటే ప్రైమరీ. మిగిలిన మూడూ ఎక్స్‌టెండెడ్ అనే ఒకే పెద్ద కమతంలో చేసిన మడులు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే ఆ మూడింటి చుట్టూ ఆకుపచ్చ గీత కనిపిస్తుంది. ఇది మన అదృష్టం. ఎఫ్ డ్రైవ్‌లో ఉన్నవి బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుని, సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, ఆ ఎఫ్‌ని డిలీట్ చేస్తే లోపల ఖాళీ జాగా మిగులుతుంది. లినక్స్‌కి ఆ జాగా చాలు. ప్రైమరీయే కావాలని పట్టుబట్టదు, ఎక్స్‌టెండెడ్ లోపలి మడిలోంచి (దీన్నే లాజికల్ అంటారు) కూడా లేస్తుంది. సీ, డీల గట్లు అంగుళం కూడా కదలవు.

కంపెనీ లాప్‌టాప్‌లతో చిక్కు ఎక్కువ. విండోస్ 7 కాలంలో కొన్ని కంపెనీలు నాలుగు ప్రైమరీ పద్దులూ తామే వాడేసి ఇచ్చాయి. బూట్‌కి ఒకటి, సీ డ్రైవ్, రికవరీ, టూల్స్‌కి ఇంకొకటి. అక్కడ సీని కుదించి, ఆ ఖాళీలో ఐదో భాగం చేయబోతే విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది, డిస్కుని డైనమిక్‌గా మార్చమంటారా అని. ఓకే నొక్కకూడదు. డైనమిక్ అనేది విండోస్ సొంత పద్ధతి. ఆ డిస్కులో లినక్స్ ఇన్‌స్టాలర్లు పనిచేయవు, వెనక్కి తేవడం కూడా తేలిక కాదు. రికవరీని బయటికి కాపీ చేసుకునో, టూల్స్ భాగాన్ని వదులుకునో ఒక పద్దు ఖాళీ చేసుకోవాలి.

గట్టు జరపక తప్పని చోట ఏ వైపు జరపాలన్నది ముఖ్యం. ఊడ్చిన, అంటే నాట్లు వేసిన చేలో గట్టు లోపలికి జరపాలంటే ఆ మేర ఉన్న నాట్లు ముందు పీకి చేలోనే మరోచోట నాటాలి. డ్రైవ్‌ని చివరి వైపు నుంచి కుదిస్తే ఆ చివర ఉన్న ఫైళ్లు మాత్రమే లోపలికి జరుగుతాయి. కాసేపట్లో అయిపోతుంది. మొదలు వైపు జరిపితే చేనంతా పీకి మళ్లీ నాటినట్టే. డ్రైవ్‌లోని ప్రతి బైటూ కొత్త చోటుకు కాపీ కావాలి. పాత హార్డ్‌డిస్కు మీద గంటలు పడుతుంది. మధ్యలో ఆగితే సగం పాత చోట, సగం కొత్త చోట. డ్రైవ్ మొదలు జరపమని ఏ యూట్యూబ్ వీడియో చెప్పినా వినకపోవడం మంచిది. చివరి వైపు నుంచి కుదించడం కూడా విండోస్ చేతనే చేయించాలి. తన ఫైళ్లలో ఏది కదపకూడదో దానికి తెలుసు.

మధ్యలో ఆగడం గోదావరి జిల్లాల్లో ఊహకు మాత్రమే పరిమితమైన మాట కాదు. వేసవి సాయంత్రం ఈదురుగాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడితే కరెంటు పోతుంది. కొట్లో ఉన్న యూపీఎస్ బ్యాటరీ మూడేళ్ల నాటిదైతే ఐదు నిమిషాలు ఆగుతుందో లేదో. గట్టు పని మబ్బు లేని రోజు పొద్దున్నే పెట్టుకోవాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీని ముందే పరీక్షించాలి, లాప్‌టాప్ అయితే చార్జింగ్ నిండుగా ఉండాలి. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు సిస్టంలలో ర్యామ్ కాళ్లకు చిలుము పట్టి, మధ్యలో హ్యాంగ్ అవడం కూడా మామూలే. ముందురోజే ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టాలి. హార్డ్‌డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ కూడా చూడాలి. బ్యాడ్ సెక్టార్లు పెరుగుతున్న డిస్కు మీద ఏ గట్టూ వేయకూడదు, అందులో ఉన్నవి బయటికి తీసుకోవడమే మొదటి పని.

ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేని దారి ఒకటుంది, అదే అన్నిటికంటే మేలైనది. విడిగా రెండో డిస్కు పెట్టడం. పాత డెస్క్‌టాప్ సీపీయూ డబ్బాలో మామూలుగా డిస్కు తగిలించే సాటా పోర్టు ఒకటి ఖాళీగా ఉంటుంది. విండోస్ డిస్కు కేబుల్ పీకేసి, కొత్త ఎస్ఎస్‌డీ ఒక్కటే తగిలించి, దాని మీద లినక్స్ వేసి, తర్వాత పాత కేబుల్ మళ్లీ పెట్టాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్కు అసలు కలిసే లేదు కాబట్టి దానికి ఏమీ కాదు. డీవీడీ డ్రైవ్ ఉన్న లాప్‌టాప్‌లలో ఆ డ్రైవ్ తీసి, అదే జాగాలో క్యాడీ అనే చట్రం పెట్టి డిస్కు బిగించొచ్చు. డ్రైవ్ మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7నా అన్నది కొలిచి కొనాలి. డీటీపీ సెంటర్, ఆడిటర్ ఆఫీసు, చెరువుల లెక్కలు చూసే చోట ఎస్ఎస్‌డీ ఖర్చు పెట్టగలిగితే పార్టిషన్ల జోలికే పోనక్కర్లేదు.

లాకుల దగ్గర ఎవరున్నారు

గోదావరి మీద విజ్జేశ్వరం దగ్గర కాలువ తలుపు ఎత్తితేనే పశ్చిమ డెల్టాకి, తణుకు, భీమవరం వైపుకి నీళ్లు. ఒకే డిస్కులో రెండు ఓఎస్‌లు ఉన్నప్పుడు ఆ తలుపు పని చేసేది గ్రబ్ అనే బూట్‌లోడర్. పవర్ బటన్ నొక్కాక లినక్సా, విండోసా అని అడిగే మెనూ అదే. బయోస్ (ఆన్ చేయగానే సిస్టంని లేపే బోర్డు ప్రోగ్రాం) ఉన్న పాత సిస్టంలలో గ్రబ్ రెండు ముక్కలుగా ఉంటుంది. చిన్న ముక్క డిస్కు మొదట్లో, మెనూ ఉన్న పెద్ద ముక్క లినక్స్ భాగంలో. ఈ ఏర్పాటు తెలియకపోతే ఒక తప్పు జరుగుతుంది. కొన్నాళ్లకు లినక్స్ వద్దనిపించి, విండోస్‌లోంచే ఆ పేరు లేని భాగాన్ని డిలీట్ చేస్తారు. మర్నాడు పొద్దున్న సిస్టం ఆన్ చేస్తే నల్లటి తెర, పైన రెండు ముక్కల మాట “గ్రబ్ రెస్క్యూ”, పక్కన మినుకుమినుకుమనే గీత. విండోస్ పోయిందనుకుని గుండె ఆగినంత పనవుతుంది. విండోస్ ఎక్కడికీ పోలేదు. తలుపు తీయాల్సిన పెద్ద ముక్క చెరిగిపోయింది, చిన్న ముక్క దాని కోసం వెతుకుతోంది. విండోస్ ఇన్‌స్టాలేషన్ డిస్కుతో బూట్ చేసి, రిపేర్‌లోకి వెళ్లి మొదటి సెక్టారులోని బూట్ ప్రోగ్రాం మళ్లీ రాయిస్తే లేస్తుంది. లినక్స్ తీసేయాలంటే ఈ పని ముందు చేసి, డిలీట్ తర్వాత చేయాలి.

2012 తర్వాత విండోస్ 8తో వచ్చిన లాప్‌టాప్‌లలో బయోస్ బదులు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి ఉంటుంది. అక్కడ నాలుగు పద్దుల ఇబ్బంది లేదు, బూట్ ఫైళ్లు విడి భాగంలో పక్కపక్కనే ఉంటాయి. అయితే డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో ముందే చూసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, డ్రైవుల తాళాలు తన దగ్గరే ఉంచుకుని నిద్రపోతుంది. అప్పుడు లినక్స్‌లోంచి డీ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది కానీ రాయనివ్వదు.

రెండూ బాగానే నడుస్తున్నాయనుకున్నాక గడియారం గోల మొదలవుతుంది. మదర్‌బోర్డు మీద గడియారాన్ని విండోస్ మన టైమ్‌గా చదువుతుంది, లినక్స్ గ్రీన్‌విచ్ టైమ్‌గా చదువుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి లినక్స్ ఆపి విండోస్‌లోకి వస్తే అక్కడ ఉదయం ఆరున్నర. సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి. నెట్ ఉంటే విండోస్ కాసేపటికి సర్దుకుంటుంది. ఇక్కడ విండోస్‌కి నెట్ పీకేశాం కాబట్టి సర్దుకోదు, బిల్లుల మీద తప్పు టైమ్ పడిపోతుంది. బోర్డు గడియారాన్ని లోకల్ టైమ్‌గా చదవమని లినక్స్‌కి ఒక్కసారి ఆదేశమిస్తే తీరిపోతుంది. ఇలాకాక ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే అది ఓఎస్ తప్పు కాదు. బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 సెల్ అయిపోయింది. తేదీ తప్పయితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు, కాబట్టి ఇన్‌స్టాల్‌కి ముందే కొత్త సెల్ వేయడం ఉత్తమం.

తెలుగు టైపింగ్ దగ్గర డీటీపీ వాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. లినక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ముందే ఉంటుంది. టైపింగ్ భాషలు మార్చే ఐబస్ అనే ప్రోగ్రాంకి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్‌తో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా వస్తుంది, అనులో ఏళ్ల తరబడి ఆపిల్ కొట్టిన చేతికి అది దగ్గర చుట్టం. రామభద్ర, మండలి, గిడుగు, మల్లన్న లాంటి యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కానీ అనులో కొట్టిన పాత ఫైలు మాత్రం లినక్స్‌లో తెలుగుగా కనిపించదు. అందులో ఉన్నవి నిజానికి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు, వాటికి తెలుగు రూపం తొడిగేది ఆ ఫాంటే. కన్వర్టర్లతో యూనికోడ్‌కి మార్చుకోవచ్చు. మార్చాక ఒత్తులూ, పేర్లూ ఒకసారి కళ్లతో చదవకుండా ప్రెస్‌కి పంపకూడదు. పాత కార్డులు విండోస్‌లోనే తెరుస్తూ, కొత్త పని యూనికోడ్‌లో మొదలుపెట్టడం ఆచరణలో కుదిరే పద్ధతి. ఇంకో ఐదేళ్లకు ఏ ఓఎస్ వచ్చినా ఆ కొత్త ఫైళ్లు తెరుచుకుంటాయి.

పని పూర్తయ్యాక సీపీయూ డబ్బా మీద ఒక చీటీ అంటించాలి. ఏ కీ నొక్కితే బూట్ మెనూ వస్తుందో, ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12లలో ఆ బోర్డుది ఏదో రాయాలి. కొట్లో పనిచేసే అమ్మాయి, అబ్బాయి ఎవరు కూర్చున్నా అడగకుండా వాడుకోగలగాలి. దాని కింద ఇంకో లైను, కాస్త పెద్ద అక్షరాలతో: “ఇందులో రెండు ఓఎస్‌లు ఉన్నాయి. అడగకుండా ఫార్మాట్ కొట్టొద్దు.”